మోకాళ్లకని తెప్పించిన బ్రాందీ

ఎమ్మిగనూరులో మా నాయన తాగుడు ఎవరికీ రహస్యం కాదు. చీర మగ్గం దిగిన రోజు ఆయన వైన్ షాపుకు పోతాడని వీధిలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. సాయంత్రానికి ఎవరో ఒకరు భుజం పట్టి ఇంటికి తెచ్చేవారు. పాపం, ఒళ్లు హూనం చేసుకుని నేస్తాడు, ఆ మాత్రం ఉండదా అని అరుగు మీద పడుకోబెట్టి పోయేవారు. అదే మగ్గానికి పొద్దస్తమానం నూలు కండెలు చుట్టిన అమ్మను ఎవరూ పాపం అనలేదు. కండెలు చుట్టడం వాళ్ల లెక్కలో పనే కాదు.

నాయన పోయాక మగ్గం గుంట పూడ్చేశారు. అన్న కాపురం వేరే వీధిలో, నాది ఆదోనిలో. ఒంటరిగా మిగిలిన అమ్మ, రాట్నం దగ్గర కూర్చుని అరిగిపోయిన మోకాళ్లకు రుద్దుకోవాలంటూ తెలిసిన ఆటో అతనితో బ్రాందీ తెప్పించుకునేది. మా వైపు నొప్పులకు బ్రాందీ రుద్దడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. చేతులు వణికితే వయసన్నారు. అన్నం సహించకపోతే మొగుడి మీద బెంగన్నారు.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. అమ్మ గోడకు ఆనుకుని స్టీలు లోటాతో తాగుతోంది. నన్ను చూసి దాచలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నాయనను ఏళ్ల తరబడి తిట్టింది నువ్వేనా అని అడిగాను.

"మీ నాయన తాగి పడితే మోసుకొచ్చేకి నలుగురుండ్రి. నేను పడితే తలుపేసుకోని నేనే లేయల్ల," అంది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కన కూర్చుని ఏడ్చాను. డాక్టరుకు చెప్పి మానుకుందువు రమ్మని బతిమాలితే, చాలాసేపటికి సరేనంది.

ఆదోని ఆసుపత్రికి అన్న కూడా వచ్చాడు. డాక్టరు షుగరు అడిగాడు, బీపీ అడిగాడు, నిద్ర పడుతోందా అని అడిగాడు. అప్పట్లో నాయనను చూపించినప్పుడు కూర్చోకముందే తాగుతావా అని అడిగిన మనిషి, అమ్మను ఆ మాటే అడగలేదు. నేనే నోరు తెరిచాను. సగంలోనే అన్న అడ్డొచ్చాడు.

"మోకాళ్లకు రుద్దుకుంటాది సార్, అంతే. మాయమ్మకు అట్లాంటి అలవాట్లు లేవు."

అమ్మ వాడి ముఖం వైపు చూసింది. ఇప్పుడైనా చెప్తుందనుకున్నాను. కొంగు తల మీదికి లాక్కుని, "అవు సార్, మోకాళ్లకే," అంది. నరాలకు బిళ్లలు రాసి పంపారు. ఆ తర్వాత ఎంత పిలిచినా అమ్మ మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు. చలికాలం దాటకముందే కడుపు ఉబ్బి చనిపోయింది.

మహాలయ అమావాస్యకు మా ఇళ్లలో పోయినవాళ్ల ముందు వాళ్లకు ఇష్టమైనవి పెడతాం. మొన్న అన్న ఇంట్లో నాయన ఫోటో ముందు క్వార్టర్ సీసా పెట్టారు, నవ్వుకుంటూనే. అమ్మ ముందు పాయసం, తమలపాకులు పెట్టారు. నేను ఆ సీసాలోంచి గ్లాసులో కొంచెం వంచి అమ్మ ఫోటో ముందు ఉంచాను. పొరపాటున అటు పెట్టాననుకుని, వదిన ఆ గ్లాసు తీసి నాయన ముందు పెట్టింది.