నేను ఎంపిక చేసిన స్టీరియో

డెబ్బైల చివర్లో నేను విజయవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక ఊరి ఫోను ఇంకో ఊరికి కలిపే ట్రంకు ఆపరేటరుగా పనిచేసేదాన్ని. మా ఆయన ఆటోనగర్‌లో ఒక లారీల షెడ్డుకు మేస్త్రీ. పటమటలో రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. ఆయనకు పాటలంటే ప్రాణం. లారీ కింద పడుకుని బోల్టులు బిగిస్తూ కూడా పాడుకునేవారు. ఆదివారం చర్చిలో ఆయన గొంతు ఎత్తితే హార్మోనియం వాయించే ఆవిడ దానికి తగ్గట్టు శ్రుతి మార్చుకునేది.

ఆ ముందటేడు నాకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. నెలల తరబడి సూదిమందు వేయించుకున్నాక జబ్బయితే తగ్గింది కానీ, చెవుల్లో కీచురాయి అరుస్తున్నట్టు మోత మొదలైంది. ఆయనకు చెప్పకుండా ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"ఆ సూదిమందు కొందరికి చెవి నరం మీద పని చేస్తుందమ్మా. పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు.

రిక్షాలో ఇంటికి వస్తూ ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. చెవుల మీద బతికే ఉద్యోగం నాది. అది పోతుందన్న భయం కన్నా, మా ఆయన ముఖం ఎలా అయిపోతుందో తలుచుకుంటేనే ఎక్కువ భయం వేసింది.

సరిగ్గా అప్పుడే ఆయనకు స్టీరియో మీద మోజు పుట్టింది. షెడ్డు యజమాని ఇంట్లో విని వచ్చారట. "రెండు పెట్టెల్లోంచి వస్తుందే పాట! ఒకదాంట్లో తబలా, ఒకదాంట్లో ఫ్లూటు. గదంతా నిండిపోద్ది" అని పది రోజులు అదే మాట. ఒక శనివారం సాయంత్రం నన్ను బీసెంట్ రోడ్డులో షాపుకు తీసుకెళ్ళారు.

షాపతను మూడు సెట్లు వరసగా పెట్టాడు. మూడూ చిన్నవే, బల్లమీద పట్టేవే. పైన రికార్డు తిరిగే పళ్ళెం, అటూ ఇటూ స్పీకరు పెట్టెలు. ఒకే రికార్డును మూడింటి మీదా వేసి వినిపించాడు.

"ఏది బాగుందో నువ్వే చెప్పవే. పొద్దస్తమానం చెవులతో పనిచేసేదానివి" అన్నారు మా ఆయన.

నాకు మూడూ ఒక్కలాగే వినిపించాయి. గోడ అవతల ఎవరో పాడుతున్నట్టు. తల ఊపుతూ కాసేపు విన్నట్టు నటించి, ఏం చెప్పాలో తోచక సెట్ల వెనక వైపు చూశాను. వాటిలో ఒకదానికి చిల్లులు ఎక్కువగా ఉన్నాయి.

"ఇవేంటండీ?" అని అడిగాను.

"అది టేప్ రికార్డరు తగిలించుకోటానికండి. ఇది రేడియోకి. ముందు వైపున్నది హెడ్‌ఫోనుకండి. దాంట్లో పిన్ను గుచ్చితే పెట్టెలు ఆగిపోయి, చెవుల్లోకే వస్తుంది పాట."

ఎక్స్ఛేంజిలో హెడ్‌సెట్టు పెట్టుకుంటే నాకింకా మాటలు వినిపిస్తున్నాయి. ఇంట్లో కూడా అలా వినొచ్చని ఆశ పుట్టింది. "ఇదే బాగుంది. మోత లేకుండా ఉంది" అన్నాను. ఆయన వెంటనే దాన్నే కట్టించేశారు. హెడ్‌ఫోను కూడా కావాలంటే నవ్వి, "డ్యూటీ ఇంట్లో కూడా చేస్తావా?" అన్నారు.

మొదట్లో హెడ్‌ఫోనులో పాట బాగానే వినిపించింది. నెల తిరిగేసరికి సౌండు సగం దాకా తిప్పాల్సి వచ్చింది. ఆ తరవాత చివరి దాకా తిప్పినా ఎడమ చెవిలో ఏమీ లేదు. ఎక్స్ఛేంజిలో తణుకు అడిగిన మనిషికి తెనాలి కలిపాను. సూపర్‌వైజరమ్మ నా వెనక నిలబడటం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన స్నానానికి వెళ్ళారు. నేను రికార్డు వేసి పెట్టెల ముందు కూర్చున్నాను. పళ్ళెం తిరుగుతోంది. ఆ పాట నాకు వరస తప్పకుండా తెలుసు. అది తలలో సాగుతూంటే మోకాలి మీద తాళం వేస్తున్నాను. ఆయన తువ్వాలుతో వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"ఏం వింటున్నావే?"

పెదాలు చూసి అర్థం చేసుకుని, "పాటండీ" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని సెట్టు ముందు వైపు చూపించారు. హెడ్‌ఫోను పిన్ను గుచ్చే ఉంది. హెడ్‌ఫోను మంచం మీద దిండు పక్కన పడి ఉంది. పెట్టెలు ఎంతసేపటి నుంచో మూగగా ఉన్నాయి.

ఆయన నేలమీద కూలబడి నా ఒళ్ళో తల పెట్టుకున్నారు. వీపు అదిరిపోతూంటే ఏడుస్తున్నారని తెలిసింది. అంత గట్టి మనిషి ఏడుపు ఎలా ఉంటుందో నాకు వినపడలేదు.

ఆ తరవాత ఎక్కువ రోజులు పట్టలేదు. నన్ను ఫోన్లు కలిపే బోర్డు మీంచి తీసి పాత కాగితాల గదిలో వేశారు. ఆయన స్టీరియో పెట్టడం మానేశారు. "నాకోసం మానకండి, పెట్టుకోండి" అని బతిమాలితే, "ఎందుకులే" అని చెయ్యి ఊపేవారు. మా ఇంట్లో మెల్లగా చెప్పుకునే మాట లేకుండా పోయింది. కూర, నీళ్ళు, అద్దె, ఇలా అరిచి చెప్పగలిగినవే మిగిలాయి.

చర్చిలో కూడా ఆయన నా పక్కన పెదాలు కదపకుండా నిలబడేవారు. ఒకరోజు పాట జరుగుతూంటే ఉండబట్టలేక, ఆయన చెవి దగ్గరికి వంగి, "మీరు పాడండి, నేను చూస్తాను" అన్నాను. గుసగుసగానే అన్నాననుకున్నాను. అందరి నోళ్ళూ ఆగిపోయాయి. హార్మోనియం మీద ఆవిడ చేతులు కూడా ఆగిపోయాయి.

ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. దారిలో, పెదాలు నాకు కనపడకుండా ముఖం పక్కకు తిప్పుకుని ఏదో అన్నారు; దవడ కదలడం చూశాను. ఏమన్నారని నేను అడగలేదు.