అన్న చదవనన్న వార్త

నంద్యాలలో మా వార్తల అన్న పోయాడని మొన్న ఉదయం ఫోన్ వచ్చింది. "నువ్వు కళ్లారా చూసినావా?" అని అడిగాను. అవతలివాడు నొచ్చుకున్నాడు. ఏం చేయను, ఆ అలవాటు అన్న దగ్గర అబ్బింది.

డెబ్బైలలో ఆయన రిక్షాలో మైకు పెట్టుకుని వీధివీధీ తిరిగి కబుర్లు చెప్పేవాడు. ఎనభైల చివర నంద్యాలకు కేబుల్ టీవీ వచ్చాక, ఒక మేడ మీది గదిలో కూర్చుని సాయంత్రాలు ఊరి వార్తలు చదివాడు. కెమెరా పని నాది. ఎవరు ఏం రాసిచ్చినా, "ఇది చదివితే ఎవరికి లాభమప్పా?" అనేవాడు. పెళ్లి కబురుకైనా అదే ప్రశ్న.

ఒకరోజు, శిరివెళ్ల దగ్గర ఒక రైతును ఎదుటి వర్గం వాళ్లు చంపి జీపులో వేసుకుపోయారని పుకారు లేచింది. ఆళ్లగడ్డలో అంగళ్లు మూసేశారు. కేబుల్ యజమాని వార్త రాసిచ్చాడు. అన్న చదవనన్నాడు.

"శవాన్ని చూసినోడు యాడ? ఒక్కన్ని చూపీ."

అంతకుముందే ఆయన ఆ వర్గం వాళ్ల జీపు దిగడం నేను చూశాను. అమ్ముడుపోయాడనుకున్నాను. "ఆ జీపులో నీకేం పని?" అని మొహం మీదే అడిగాను.

"ఆ రైతు ట్రాక్టర్ మీంచి పడితే కోయిలకుంట్ల ఆసుపత్రికి మోసింది వాళ్లే. బస్సుల్లేక వాళ్లతోనే పోయి చూసొచ్చినా."

"వాళ్లు చెప్పమన్నది చెప్తాండావేమో!"

ఆయనకు కోపం రాలేదు. "అదే, నా మాట ఊరు నమ్మదు. నువ్వూ నమ్మాకు. బేగా పోయి చూసి రా. నువ్వొచ్చినాకే చదువుతా."

స్కూటరు మీద పోయాను. ఆ రైతు కాలికి కట్టుతో మంచం మీద ఇడ్లీ తింటున్నాడు. "నన్ను సంపినారంటనే?" అని నవ్వబోయి మూలిగాడు. తిరుగు దారంతా సిగ్గుతో చచ్చిపోయాను.

వచ్చేసరికి వార్తల వేళ దాటింది. మేడ కింద అంగట్లో టీవీ ముందు రైతు బంధువులు నిలబడి ఉన్నారు. చావు వార్త వినగానే ఎదుటి వర్గం మీదికి పోవాలని, వాళ్ల జీపు ఇంజను ఆపలేదు. లోపల రాళ్లో కట్టెలో, నేను చూడలేదు. పైన అన్న లైటు వేడికి చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"చూసినావా?"

"చూసినా. బతికే ఉండాడు. అన్నా, నేను నిన్ను..."

"ఏ కాలు?"

"ఏందీ?"

"విరిగింది ఏ కాలప్పా?"

"ఎడమది."

అప్పుడు గానీ నన్ను నమ్మలేదు. కెమెరా ఆన్ చేయమని సైగ చేశాడు. ఇద్దరం వేర్వేరుగా పోయి చూశామని, మనిషి బతికే ఉన్నాడని, విరిగింది ఎడమ కాలని చదివాడు. నేను క్షమాపణ అడగలేదు, ఆయన అడగనివ్వలేదు.

కింద జీపు ఇంజను ఆగిపోయింది. అన్న తల ఎత్తలేదు. సోమవారం పిల్లలకు టీకాలు ఏ బడిలో వేస్తారో చదువుతున్నాడు.