పుంజున్న ఇళ్ళ రహస్యం

నేను చేసిన బేరాల్లో ఇంతకంటే గొప్పది లేదు: నేను లేకపోతే పని ఆగిపోయేట్టు చూసుకుని, నన్ను నేనే ఒక గదిలో కట్టేసుకున్నాను. తెనాలిలో కొట్ల మధ్య పుట్టి పెరిగినవాడు తప్ప ఇంకొకడు అంత తెలివిగా మోసపోలేడు.

ఈ ఉదయం గుడ్లు కొంటూ, అలవాటు చొప్పున ఒకదాన్ని ఎండకెత్తి చూశాను. కొట్టావిడ నవ్వి, లోపలేం కనిపిస్తోంది బాబాయ్ అని అడిగింది. ఫారం గుడ్లమ్మా, ఏమీ కనిపించదన్నాను.

ఒకప్పుడు కనిపించేది. బాపట్లలో మా పిన్ని చిన్న పరిశోధనశాల నడిపేది. పొదిగిన గుడ్డులోని పిండం మెదడు నుంచి కణాలు తీసి, గాజుపళ్ళెంలో పెంచి, వాటి ఎదుగుదలకు ఒక ప్రోటీన్ ఎలా తోడ్పడుతుందో చూడటం ఆవిడ పని. నాన్న కొట్లో గల్లా ముందు కూర్చోలేక ఆవిడ దగ్గర చేరాను. జీతం కూడబెట్టి రేపల్లెలో సొంతంగా కొట్టు పెట్టుకోవాలని నా ఆశ. పుంజు కలవని పెట్ట గుడ్డు ఎంత పొదిగినా పిండం కట్టదు గనుక, కర్లపాలెంలో ఏయే ఇళ్ళలో పుంజులు తిరుగుతాయో నేనే కనిపెట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గుడ్లు పొదిగే కరెంటు పెట్టె మహా మొండిది, దాని పేచీలూ ఎవరికీ నేర్పలేదు. సరుకు దొరికే చోటు చెప్పినవాడికి గిరాకీ ఉండదని మా వీధి శాస్త్రం. ఆ ధీమాతో జీతం పెంచమని పేచీ పెడితే, పిన్ని నవ్వుతూనే పెంచేది.

చివరికి రేపల్లె స్టేషను దగ్గర కొట్టు కుదిరింది. చెప్పిన రోజు మధ్యాహ్నంలోగా వచ్చి మాట ఖాయం చేసుకోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు యజమాని. సరిగ్గా ఆ పొద్దున, నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుండగా కరెంటు పోయింది. పెట్టె చల్లబడితే ఆ విడత గుడ్లన్నీ పోతాయి, వాటి మీదే పిన్ని ఏడాది పని తేలాలి.

“నువ్వెళ్ళరా, నేను చూసుకుంటాలే,” అంది పిన్ని.

“ఎలా చూస్తావు పిన్నీ, నీకేమీ చెప్పలేదుగా.”

గాలి సోకకుండా కిటికీలు మూసి, పెట్టె కింద లాంతరు పెట్టి, వత్తి తగ్గిస్తూ పెంచుతూ, చెమటకు ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోతుండగా అక్కడే కూర్చున్నాను. నేను ఎక్కవలసిన రైలు కూత వేసుకుంటూ వెళ్ళిపోవడం ఆ మూసిన గదిలోంచే విన్నాను.

గుడ్లు దక్కాయి. తరువాత పిన్ని నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమంది. ఒక పళ్ళెంలో కణాలు ముడుచుకుపోయి ఉన్నాయి. ప్రోటీన్ వేసిన పళ్ళెంలో మాత్రం జిల్లేడు దూదిలా సన్నటి పోగులు చాచి ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. ఆ ప్రోటీన్ కబురులాంటిదని, అందిన కణం బతికి కొమ్మలేస్తుందని, అందనిది వాడిపోతుందని చెప్పింది. కబురు దాచుకున్నవాడి గతేంటని నేనడగలేదు.

బుద్ధీ రాలేదు. పిన్ని ఉన్నన్నాళ్ళూ ఆ గదిలోనే ఉన్నాను, ఆ ఇళ్ళ గుట్టు విప్పలేదు. ఇప్పుడు కణాలను గడ్డకట్టించి సీసాల్లోనే అమ్ముతున్నారట. పుంజుల జోలికే వెళ్ళనక్కర్లేదట.

నిజాయితీగా లెక్క కడితే ఇంతే: కొట్టు పోయింది, వయసు పోయింది, పిన్నీ పోయింది. నా దగ్గర మిగిలిన సరుకు కర్లపాలెంలో పుంజులుండే ఇళ్ళ ఆనవాళ్ళు. ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునేవాళ్ళు లేరు.