గోడ మీది పూలి

చాంది మంత్రాల పుస్తకం చదివిందని చెప్పుకుంటారు. కొత్తగూడెం నుంచి పాల్వంచ పోయే షేర్ ఆటోల్లో ఈ మాట రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఆ పుస్తకానికి అట్ట లేదట, పేరు లేదట. అది చదివి చదివి, పాల్వంచలో ఒక కాంట్రాక్టరు ఇంట్లో గోడ మీది పటానికి చేతబడి చేసిందట. పటంలో ఉన్న లంబాడీ ఆడమనిషి చేతులకు గాజులు మాయం చేసి, ఆ ఇంటాయన చావు కోరిందట. ఇంటామె పసుపుకుంకుమల బలం గట్టిది గనుక, మర్నాడు పొద్దున లేచి చూడగానే పట్టేసిందట, చాందిని పనిలోంచి తీయించిందట.

"గాజులు తీసుడంటే ఏందనుకున్నవ్? మెల్లగ మొగుణ్ణి తీసుడే," అంటుంది ఒకామె.

"నేనైతే ఆ పటాన్ని వాకిట్లేసి కిరసనాయిలు పోసి కాలబెడుదు," అంటుంది ఇంకొకామె.

చాంది అదే ఆటోలో వెనక సీటు మూలన కూర్చుని ఉన్నా వాళ్ళకు తెలియదు. ఆమెది నలుగురిలో గుర్తుండే ముఖం కాదు.

పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే చోట చాంది వాళ్ళ తండా. తొమ్మిదో తరగతిలో ఆమె బడి మానేసింది. తండ్రి మోతీలాల్‌కు మొదటిసారి కాళ్ళు వాచిన ఏడు అది. తల్లి పూలి చేనుకు పోతే తండ్రి దగ్గర ఉండడానికి చాంది తప్ప ఇంకో మనిషి లేరు. ఆయన కాస్త లేచి తిరగడం మొదలుపెట్టాక, ఈ పిల్ల బడిలో బొమ్మలు బాగా వేసేదని ఎవరో చెబితే, కొత్తగూడెంలో హేమలత నడిపే బొమ్మల దుకాణంలో పనికి పెట్టారు.

అక్కడ తయారయ్యేవి పల్లె బొమ్మలు. కొత్తగా కట్టుకున్న ఇళ్ళలో సోఫా వెనక గోడకు వేలాడదీసే పెద్ద పటాలు. కుండ మోసే ఆమె, నాటు వేసే ఆడవాళ్ళు, మేకలు తోలుకుపోయే ముసలాయన. ఏ పటానికా పటం కొత్తగా గీయరు. బొమ్మను ఒక మందపు కాగితం మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని కాన్వాసు మీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే, కింద చుక్కలు చుక్కలుగా మనిషి దిగుతుంది. ఒక్క కాగితంతో యాభైమందిని దించవచ్చు.

చేరిన నెలలోనే చాంది తల్లిని గీసింది. అద్దాలు కుట్టిన పేటియా లంగా, చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రీలు, మణికట్టు నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి భుజం దాకా తెల్లటి గాజులు. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి ఉంటుంది పూలికి. ఎవరో పిలిచినట్టు అనిపించి ఆగిపోయినట్టు చూస్తుంది. అదీ వచ్చింది బొమ్మలో. హేమలత చాలాసేపు చూసింది.

"ముఖం బాగొచ్చింది పిల్లా. రంగే మార్చాలె. ఇంకా నల్లగ పెట్టు."

"మా యాడి ఇంత నల్లగ ఉండదు మేడమ్." తండాలో అమ్మను యాడి అంటారు.

"మీ అమ్మ ఎట్లుంటె ఎవరికి కావాలె? గోడ తెల్లగుంటది. మనిషి నల్లగుంటెనే కొట్టొచ్చినట్టు కనబడతది. కొనేటోళ్ళకు అడవి మనిషి కావాలె."

గోధుమ రంగు పూలిని చాంది తన చేత్తోనే నల్లగా చేసింది. ఆ పటం పాల్వంచ కాంట్రాక్టరు ఇంటికి పోయింది. తర్వాత వేసిన వాటిలో గిరాకీ కోసం కళ్ళను చెవుల దాకా సాగదీశారు. ఒళ్ళూ గాజులూ పూలివే, ముఖం ఎవరిదీ కాదు. తల్లి సొంత ముఖం ఉన్నది ఆ మొదటి పటంలోనే.

ఇక పుస్తకం సంగతి. పటాలు చుట్టడానికి హేమలత పాత కాగితాలు తూకానికి తెప్పిస్తుంది. కిందటి వానాకాలం ఆ కుప్పలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. చాంది దాన్ని రంగు డబ్బాల వెనక దాచుకుని అన్నం తినేటప్పుడు చదివేది. పక్కన పనిచేసే జెస్సికా ఒకరోజు తొంగి చూసింది.

"ఏం సదువుతున్నవ్ అక్కా గంత దీక్షగ?"

"మనుషుల్ని రంగు చూసి ఎక్కువ తక్కువ చేసిన చరిత్ర."

"దానికి పుస్తకమెందుకు? మా అత్తనడుగు, నన్ను చూడొచ్చిన రోజు కాణ్ణుంచి మొదలుపెడ్తది."

చాంది నవ్వింది గాని చదవడం మానలేదు. ఓడ అడుగున కట్టెలు పేర్చినట్టు మనుషుల్ని పేర్చి సముద్రాలు దాటించారని అందులో ఉంది. చదువుకున్న పెద్దలు పుర్రెలు కొలిచి, ఏ జాతికి బుద్ధి ఎక్కువో పట్టికలు రాశారని ఉంది. అది చదివిన రోజు చాంది ఎడమ చేత్తో తన నుదురు తడుముకుంది. ఒక పేజీ దగ్గర మాత్రం ఆమె ఆగిపోయింది. చలిదేశాల్లో ఊరి మధ్య తోటలో గుడిసెలు వేసి, దూరం నుంచి తెచ్చిన పల్లె జనాన్ని వాటిలో ఉంచి, టిక్కెట్టు పెట్టి చూపించేవారట. వాళ్ళు రోజూ రోకలి పట్టుకుని దంచాలి, పిల్లలకు పాలివ్వాలి, ఆడాలి. చలికి కొందరు చచ్చిపోయారు. మర్నాడు పొద్దున మళ్ళీ గేటు తెరిచారు. మిగిలినవాళ్ళు మళ్ళీ దంచారు. పక్కనే ఫోటో ఉంది. కింద జాతి పేరు వేశారు గాని ఒక్క మనిషి పేరూ లేదు.

పత్తి తీసే రోజుల్లో మోతీలాల్ పోయాడు.

మొగుడు పోయిన ఆడమనిషి మోచేతి పైన గాజులు ఉంచుకోకూడదు, ఘుగ్రీలు పెట్టుకోకూడదు. తండా ముసలమ్మలు పూలిని కూర్చోబెట్టి ఒక్కొక్కటే లాగారు. ముప్పై ఏళ్ళుగా ఎండ తగలని చోటు బయటపడింది. వేళ్ళ దగ్గర ఒక రంగు, మోచేతి పైన ఇంకో రంగు. పూలి ఆ తెల్లటి చర్మాన్ని ఎవరిదో అన్నట్టు చూసుకుని, పైట కప్పుకుంది.

దినాలైపోయాక చాంది పనికి పోయింది. బల్ల మీద మూడు కాన్వాసులు సిద్ధంగా ఉన్నాయి. మూడింటి మీదా బొగ్గు చుక్కలతో తల్లి దిగి ఉంది, భుజాల దాకా గాజులతో.

"మేడమ్, ఈ కాగితంల పైగాజులు తీసేద్దామా? మా బాపు పోయిండు గద. మా యాడి ఇప్పుడు ఏసుకోదు."

హేమలత చెడ్డది కాదు. చాంది భుజం మీద చెయ్యి వేసింది. "నీ బాధ నాకు తెల్వదా? కానీ అది మీ అమ్మ కాదు గద చాందీ, బొమ్మ. గాజుల్లేకపోతె లంబాడామె అని ఎట్ల తెలుస్తది?"

చాంది బల్ల దగ్గరికి పోయింది. కూర్చుని మూడు కాన్వాసుల మీదా గాజులన్నీ తెల్లరంగుతో వేసింది. వేస్తున్నంతసేపూ పుస్తకంలో గేటు మళ్ళీ తెరిచిన ఆ పొద్దే కళ్ళ ముందు ఉంది. ఇన్ని ఇళ్ళకు పోయినవాటిని ఆమె ఏం చేయగలదు? కానీ తల్లి ముఖం ఉన్న ఆ ఒక్క పటంలో చేతులు సరిచేయాలి. దొరికితే పని పోతుంది. ఇంకో పని ఆమె చేతికి రాదు, ఇంట్లో సంపాదించే ఇంకో చెయ్యి లేదు. ఇవన్నీ ఆమెకు తెలుసు.

నెల తిరగకముందే పాల్వంచ ఇంటామె ఎదురు గోడకు జోడీ పటం అడిగింది. తగిలించి రమ్మని చాందినీ జెస్సికానూ పంపారు.

"చెప్పులు వెనకవైపు ఇడ్వండి," అన్నది ఇంటామె. తర్వాత చాందిని పైకీ కిందికీ చూసింది. "లంబాడోళ్ళ పిల్లవా?"

"అవ్ మేడమ్."

"బొమ్మల ఉన్నట్టు లేవే."

ఇంట్లోవాళ్ళకు పింగాణీ కప్పుల్లో, వీళ్ళకు కాగితం కప్పుల్లో టీ వచ్చింది. "వాడి పారేసే కప్పులంట. మన మర్యాద గూడ గంతేనేమో అక్కా," అని జెస్సికా గొణిగింది.

కొత్తది తగిలించాక చాంది అడిగింది. "పాతదానికి కొంచెం టచప్ చేయాలె మేడమ్."

ఇంటామె ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "చేస్కో" అని మేడ మీదికి పోయింది.

చాంది స్టూలెక్కింది. వెంట తెచ్చిన రంగులతో, హేమలత చెప్పగా ఒకప్పుడు కలిపిన ఆ నల్ల రంగునే మళ్ళీ కలిపింది. ఎడమ భుజం నుంచి మొదలుపెట్టింది.

"అక్కా, ఏం చేస్తున్నవ్?"

"యాడి చేతులు."

జెస్సికా దగ్గరికి జరిగింది. స్టూలు ఊగకుండా రెండు చేతులతో పట్టుకుంది. గంటలో మోచేతుల పైన గాజులన్నీ పోయాయి. ఘుగ్రీలు జుట్టు నలుపులో కలిసిపోయాయి. పటం ఎక్కడా పాడవలేదు. ఎరగనివాళ్ళు చూస్తే మొదటినుంచీ ఆమె అట్లాగే ఉందనుకుంటారు.

ఆ సాయంత్రం తల్లికి చెప్పింది. పూలి పత్తిలోంచి ఆకు ముక్కలు ఏరుతూనే ఉంది.

"గోడ మీద గాజులుంటె ఏంది, లేకుంటె ఏంది. పోయినోడు వస్తడా?" అన్నది.

మర్నాటినుంచి దుకాణంలో ఫోన్ మోగితే చాంది చేతిలో కుంచె ఆగిపోయేది. పాల్వంచనుంచి ఏ కబురూ రాలేదు. వారం గడిచింది. "ఎవ్వలు చూడలె అక్కా, బతికిపోయినవ్," అన్నది జెస్సికా. చాందికి బతికిపోయినట్టు లేదు. ఆ గోడ ముందు రోజూ మనుషులు కూర్చుంటున్నారు, తింటున్నారు, చుట్టాలు వస్తున్నారు. ఒక్కరైనా తిట్టడానికైనా అటు చూస్తారని ఆమె ఎదురుచూసింది. తిడితే, ఆ గాజులు ఎందుకు పోయాయో చెప్పడానికి ఉంటుంది. అన్నం సగంలో వదిలేసేది. పుస్తకం తెరవలేదు.

పదకొండో రోజు చాంది పోయి హేమలత ముందు నిలబడి, తను చేసింది చెప్పింది. హేమలత వెంటనే పాల్వంచ ఇంటామెకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"మేడమ్, మీ హాల్ల లంబాడామె పటముంది గద..."

"ఏ పటం?"

"మొదటిది మేడమ్. సోఫా వెనకది."

అవతల చెప్పుల చప్పుడు వినిపించింది. అది ఆగింది.

"బానే ఉంది గద. ఏమైంది?"

హేమలత ఏం చెప్పాలో తెలియక చాంది వైపు చూసింది. చాంది ముందుకు వంగింది.

"చేతులు చూడండి మేడమ్, మోచేతి పైన," అన్నది.

ఆటోల్లో చెప్పుకునేదాంట్లో, చాందిని పనిలోంచి తీసిన మాట నిజమే. కానీ ఆ ఇంటామె పట్టుకోలేదు. పటంలో ఏం మారిందో, ఎక్కడ చూడాలో, చాందే చెప్పింది.