అర్థం చెప్పే మేడం

కర్ణాటకలో బళ్లారి దగ్గర సండూరు తాలూకాలో గనుల దారి పక్కన ఉన్న హైస్కూల్లో నేను ఇంగ్లిషు చెప్పేదాన్ని. ఊళ్లకు ఊళ్లు మైన్సు మీద పడిన ఏళ్లవి. ఏడింటికి బస్సెక్కితే, లారీల వెనక ఈడ్చుకుంటూ వచ్చేసరికి ప్రార్థన అయిపోయేది. గొంతు నిండా దుమ్ము. ఆ గొంతుతోనే ఆరు పీరియడ్లు. మర్యాదగా చెప్పాలంటే అలసట, ఉన్నమాట చెప్పాలంటే విసుగు.

పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇంగ్లిషు విని అర్థం చేసుకోవడం నేర్పమని పైనుంచి టేపు రికార్డరు పంపించారు. అది రెండు నిమిషాలు పెట్టేదాన్ని. వాళ్ల ముఖాలు చూసి ఆపేసి, అదే వాక్యం నేను చదివి, వెంటనే కన్నడంలో, ఆ వెంటనే తెలుగులో చెప్పేసేదాన్ని. వాళ్లు తడుముకుంటుంటే చూస్తూ నిలబడే ఓపిక నాకు లేదు. చెప్పేస్తే పాఠం అయిపోతుంది, సాయంత్రం బస్సు అందుతుంది. ఊళ్లో మాత్రం మంచి పేరు వచ్చింది. "ఆ మేడం ప్రతిదానికీ అర్థం చెప్తాదప్పా" అనేవాళ్లు. సిగ్గులేకుండా మురిసిపోయేదాన్ని.

పదో తరగతిలో ముందు బెంచీ పిల్ల ఒకతి ఉండేది. ఏ పని చెప్పినా అచ్చుగుద్దినట్టు చేసేది. తల్లి మైన్సులో రాయి కొట్టేది. బళ్లారిలో ఒక కాలేజీ వాళ్లు పరీక్ష పెట్టి, ఆడపిల్లలకు హాస్టలుతో సహా ఉచితంగా సీటిస్తారని తెలిసి, ఆ పిల్లతో నేనే దరఖాస్తు పెట్టించాను. తల్లి బడికొచ్చి ముందే చెప్పింది.

"సీటొస్తే సదువుకోనీ మేడం. రాకుంటే నాతో మైన్సుకు పిల్చుకోని పోతా. నా ఒక్కదాని చేత ఐతా లేదు."

సీటు రాలేదు. రాసే భాగమంతా బాగా రాసింది. ఇంగ్లిషు విని జవాబు రాసే భాగంలో కాగితం తెల్లగా వదిలేసింది. "చెవులు యాడ పెట్టుకున్నావే?" అని కసిరాను.

"బాగానే విన్యా మేడం. టేపులో ఆయప్ప ఇంగ్లీషులో చెప్పి ఊరకున్యాడు. కన్నడంలోనన్నా, తెలుగులోనన్నా చెప్తాడని పెన్ను పట్టుకోని కాచుకోనుంటి. చెప్పనే ల్యా. అంతలోకే పేపర్లు తీసేసుకునిరి."

నాకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్లుగా నేను నేర్పింది ఆ కాచుకోవడమే.

మిగిలిన సీట్లకు ఆరు వారాల్లో ఇంకో పరీక్ష ఉందన్నారు. మర్నాడు టేపు పెట్టి నోరు మూసుకుని నిలబడ్డాను. క్లాసంతా నా నోటి వంకే చూసింది. "అర్థం మేడం?" అన్నారు వెనక బెంచీల వాళ్లు. నాలుగు రోజులు పట్టుబట్టాను. ఐదో రోజు బస్సు గంటన్నర ఆలస్యం. పాఠాలు ఎక్కడిదాకా వచ్చాయని హెడ్మాస్టరు అడిగారు. దుమ్ముకు గొంతు పూడుకుపోయింది. ఇక నావల్ల కాలేదు, మళ్లీ అర్థాలు చెప్పడం మొదలుపెట్టాను.

ఇంగ్లిషు వాక్యం చదివి కన్నడం అందుకోబోతున్నాను. ముందు బెంచీలో ఆ పిల్ల పెన్ను కింద పెట్టి, రెండు చేతులతో చెవులు మూసుకుంది. కళ్లు కూడా మూసుకుని, విన్న వాక్యాన్ని తనలో తాను అనుకుంటోంది. నా తెలుగు కూడా అయిపోయాక చేతులు తీసి రాసుకుంది. నాకు ఒళ్లు మండింది.

"ఏందే అది?"

"ఏమనుకోవద్దు మేడం. మీరు చెప్తాంటే, పరీక్షలో కూడా ఎవురన్నా అర్థం చెప్తారని నాకు మళ్లా ఆశ పుడతాది."

పరీక్ష దాకా మిగిలిన ఐదు వారాలూ ఆ పిల్ల అలాగే చెవులు మూసుకుంది. నేను అలాగే చెప్పుకుంటూ పోయాను. రెండోసారి సీటు వచ్చింది.

పదో తరగతి అయ్యాక టీసీ కోసం తల్లీ కూతురూ వచ్చారు. తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, "అంతా మీ పున్యమే మేడం" అంది. పిల్ల తల వంచుకుంది. కాదమ్మా అని చెప్పాలనుకున్నాను. మూడు భాషల్లో ఆగకుండా ఆడే నా నోటికి ఆ ఒక్క మాట రాలేదు.