వెనక తలుపు వైరు

మా అక్క దర్శి దగ్గర పత్తి, మిరప పండిస్తుంది. అరవై దాటినా ఎండను లెక్కచేయని మనిషి. అలాంటిది నా కారులో, నా కళ్ళ ముందే సొమ్మసిల్లి పడిపోయింది.

ఎలక్ట్రిక్ కారు కొని అప్పటికి రెండు నెలలు. మే నెలలో అక్కను గుంటూరులో కంటి డాక్టరుకు చూపిద్దామని బయలుదేరాను. మార్టూరు దగ్గర మజ్జిగ కోసం ఆపి, ఆమెను వెనక సీట్లోనే ఉంచి దిగాను. తిరిగొచ్చేసరికి స్క్రీన్ ఆరిపోయి ఉంది. ఏసీ లేదు. కరెంటుతో తెరుచుకునే తలుపులవి. బయట నుంచి నేను లాగినా, లోపల నుంచి అక్క బటన్ నొక్కినా కదల్లేదు. అక్క అద్దాన్ని అరచేతులతో కొట్టింది. కాసేపటికి ఆ చేతులు జారిపోయాయి. పక్కనే గ్రానైట్ పాలిష్ చేసే చోట పనిచేస్తున్న ఒకాయన సుత్తితో పరుగెత్తుకొచ్చి అద్దం పగలగొట్టి, ఆమెను బయటికి లాగాడు.

అక్క తేరుకుంది. మర్నాడు కారును లాగించుకుని షోరూముకు వెళ్ళాను. సర్వీసు మేనేజరు కుర్చీలోంచి లేవలేదు.

"తలుపులకు, స్క్రీనుకు కరెంటిచ్చే చిన్న బ్యాటరీ డౌనయిందండి, అంతే. వెనక తలుపు అరలో మ్యాట్ కింద ఎమర్జెన్సీ వైరుంటుంది. లాగితే తెరుచుకుంటుంది. చిన్నపిల్లలైనా తీస్తారు. మాన్యువల్ చదవాలిగా మేడమ్?"

"కారు ఇచ్చిన రోజు మీరెందుకు చెప్పలేదు?"

"అన్నీ చెప్తా కూర్చుంటే ఎట్టాగండీ!" అని నవ్వాడు.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు. మర్చిపోదలచుకోలేదు కూడా.

రిపేరయిందని ఫోను వచ్చాక, కావాలనే మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. డ్రైవరు సీట్లో కూర్చుని, "వెనక ఏదో చప్పుడు వస్తోంది, కూర్చుని చూడండి" అన్నాను మేనేజరుతో. కూర్చున్నాడు. ఏసీ ఆపి, దిగి, బయట నుంచి లాక్ చేశాను. అలా లాక్ చేస్తే లోపలి బటన్లు పనిచేయవు.

"వైరు లాగి వచ్చేయండి!" అని అరిచాను.

ముందు నవ్వాడు. తర్వాత అరలో చెయ్యి పెట్టాడు. మ్యాట్ ఊడి రాలేదు. ఊడాక కింద ఉన్న ప్లాస్టిక్ మూత రాలేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కార్లు చూడడానికొచ్చిన రెండు కుటుంబాలు బయటికొచ్చి నిలబడ్డాయి.

"మేడమ్, తీసెయ్యండి మేడమ్" అన్నాడు లోపల నుంచి పరుగెత్తుకొచ్చిన మెకానిక్కు.

"ఆగండి, ఆయనే తీస్తారు" అన్నాను. తాళం నా గుప్పిట్లోనే ఉంది.

నాలుగు నిమిషాలు చూశాను. ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అతని మొహం ఎర్రబడి, గొంతు పోయాక తీశాను.

"పోలీసు కేసు పెడతా!" అన్నాడు రొప్పుతూ.

"పెట్టండి. ఎందుకు బయటికి రాలేకపోయారో అది కూడా రాయండి."

పెట్టలేదు. కొనడానికొచ్చిన పెద్దాయన మాత్రం, "ఏదండీ ఆ వైరు, మాక్కూడా చూపించండి" అని పట్టుబట్టాడు. ఇప్పుడు ఆ షోరూములో కారు కొన్నవాళ్ళను వెనక సీట్లో కూర్చోబెట్టి, వైరు లాగించాకే తాళాలిస్తున్నారట.

అక్కకు చెబితే సంతోషిస్తుందనుకున్నాను.

"ఆయనకు బీపీ గీపీ ఏమన్నా ఉందేమో, అడిగావటే?" అంది.

అడగలేదు. ఉందని తెలిసినా ముందే తీసేదాన్ని కాదేమో.