జుర్రక్క పళ్ళ పథ్యం

టీ పొడి కంపెనీలో ఆమెను అందరూ జుర్రక్క అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళుగా టీ రుచి చూడడమే ఆమె పని. పొడవాటి బల్ల మీద నలభై కప్పులు వరసగా పెడతారు. చెంచాతో ఇంత తీసుకుని, గాలితో సహా సర్రున జుర్రి, నాలుక మీద ఒక్క తిప్పు తిప్పి, డబ్బాలో ఉమ్మేసి, పక్క కప్పుకు జరగాలి. ఆ జుర్రుడు గేటు దగ్గరున్న కాపలా మనిషికి కూడా వినబడుతుంది. ఆకు మాడిందా, పాతబడిందా, దేంట్లో ఏది కలపాలి, అన్నీ ఆమె నోరే చెప్పాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే పని. పళ్ళు పాత తలుపు చెక్క రంగుకొచ్చాయి. మోకాళ్ళయితే ఎప్పుడో చేతులెత్తేశాయి.

వీధి మొదట్లో కంపెనీ వాళ్ళు కొత్త దుకాణం తెరవబోతున్నారు. యజమాని కోడలు, ఇప్పుడు వ్యవహారమంతా చూసేది ఆవిడే, జుర్రక్కను పిలిచింది.

"పిన్నిగారూ, దుకాణంలో కూర్చునే మనిషి కావాలి. మీకంటే టీ తెలిసినవాళ్ళు ఎవరున్నారు? శుక్రవారం ఫోటో తీస్తారు. గోడంతా మీ నవ్వే. కాకపోతే..." అని తన పళ్ళ మీద వేలు పెట్టి చూపించింది.

మిగతాదేదీ జుర్రక్క చెవికెక్కలేదు. కూర్చునే మనిషి. ఆ మాట ఒక్కటే కుంటుకుంటూ ఇంటికి వెళ్ళినంతసేపూ ఆమె వెంట వచ్చింది.

బుధవారం సాయంత్రం పళ్ళ డాక్టరమ్మ దగ్గర గంటసేపు నోరు తెరుచుకుని పడుకుని, తెల్లటి పళ్ళతో లేచింది. డాక్టరమ్మ ఒక కాగితం చేతికిచ్చి, చదివి మరీ వినిపించింది.

"రెండు రోజులు జాగ్రత్తమ్మా. ఇప్పుడు మీ పళ్ళు ఏ రంగు తగిలినా పీల్చుకుంటాయి. టీ, కాఫీ తాగొద్దు. పసుపు, కారం వేసిన కూరలు, బీట్‌రూటు, నల్ల ద్రాక్ష, దానిమ్మ వద్దు. నిమ్మకాయ పులుపు తగిలితే జివ్వుమంటాయి. మరీ వేడిగా, మరీ చల్లగా ఉన్నవేవీ వద్దు. రంగు రంగుల టూత్‌పేస్టు కూడా మానేయండి."

"అయితే ఏం తిని బతకాలి తల్లీ?"

"తెల్లటివి తినండి. అన్నం, పాలు, పెరుగు, అరటిపండు, గుడ్డులో తెల్లసొన, తొక్క తీసిన బంగాళాదుంప, కాలీఫ్లవర్. తిన్నాక మంచినీళ్ళు పుక్కిలించండి."

ఆ రాత్రి భోజనం దగ్గర ఆమె పళ్ళెం చూసి భర్త కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇందులో అన్నం వడ్డించావా, ఉత్త పళ్ళెం కడిగి తెచ్చుకున్నావా?"

"మీ కూర మీకుంది. అటు తిరిగి తినండి, వాసన నా మీదకి రానివ్వకండి."

"ఏం పథ్యమే బాబూ! ఆపరేషనైన వాళ్ళు నయం."

గురువారం కంపెనీకి కొత్త సరుకు వచ్చింది. జుర్రక్క పొద్దున్నే నలభై కప్పులూ జుర్రింది. మధ్యాహ్నం అన్నంలో పెరుగు కలుపుకుని, రెండు గుడ్ల పచ్చసొనలు పక్కవాళ్ళకిచ్చి, తెల్లసొన తిని, నీళ్ళు పుక్కిలించింది. పొట్లాలు కట్టే పిల్ల గ్లాసుతో టీ తెస్తే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నీకు పుణ్యముంటుందే, అటు పట్టుకుపో. పథ్యంలో ఉన్నాను."

ఆ తర్వాత వెళ్ళి రెండో వరస నలభై కప్పులూ జుర్రింది.

సాయంత్రం ఆడపడుచు చూడ్డానికి వచ్చింది.

"ఏదీ వదినా, ఒకసారి 'ఈ' అను. అన్నయ్య మెరిసిపోతున్నాయన్నాడు. ఇవేంటి, గోధుమ రంగులో ఉన్నాయి?"

"అదేంటి? కాగితంలో ఉన్నవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. టీ చుక్క తాగలేదు."

"ఇవాళ సెలవు పెట్టావా?"

"సెలవెందుకు? ఎనభై కప్పులు చూశాను."

"కళ్ళతో చూశావా?"

"నోటితోనే. తాగలేదుగా, ఉమ్మేశాను!"

ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. జుర్రక్కకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో ఎవరైనా ఇవాళ టీ తాగావా అని అడిగితే, వంద కప్పులు జుర్రిన రోజున కూడా, ఇంకా లేదనే చెప్పేది. అందులో అబద్ధముందని ఏనాడూ తోచలేదు. ఆ గదిలో నోట్లోకి వెళ్ళి వచ్చేదంతా పని. పనిని తాగడమని ఎవరంటారు?

డాక్టరమ్మకు ఫోన్ చేసింది. "గొంతు దిగిందా లేదా అన్నదాంతో పళ్ళకేం పనమ్మా? మళ్ళీ చేయాలంటే కొన్ని వారాలు ఆగాలి," అంది డాక్టరమ్మ.

శుక్రవారం కంపెనీలో రుచి చూసే బల్ల దగ్గరే నిలబెట్టి, ఫోటో తీసే అతను నవ్వమన్నాడు. కోడలు దగ్గరికొచ్చి చూసి నిట్టూర్చింది.

"పోనీ, పెదాలు కలిపి నవ్వండి పిన్నిగారూ."

నవ్వింది. పంటి నొప్పి మనిషిలా వచ్చింది ఫోటో.

"ఈసారికి బిల్లులు రాసే అమ్మాయిని కూర్చోబెడదాం లెండి," అంది కోడలు, ఆమె మొహం వైపు చూడకుండా. "అయినా మీరు లేకపోతే ఈ గది ఎవరు చూస్తారు? కప్పుల్లో పోసేశారు, చల్లారిపోతున్నాయి."

"చల్లారనీ," అంది జుర్రక్క. బల్లకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. "నాకు గోడ మీద బొమ్మ అక్కర్లేదమ్మాయీ. మోకాళ్ళు నిలవట్లేదు. ఆ కుర్చీ కోసమే డాక్టరమ్మ ముందు నోరు తెరిచాను."

"అయ్యో, ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"ఎవరడిగారు?"

"నిలబడే కదండీ రుచి చూసేది? మామయ్యగారి కాలం నుంచీ అంతే."

"ఆయన కాలంలో నాకు ముప్ఫై ఏళ్ళు."

కోడలు తన గదిలోకి వెళ్ళి, తను కూర్చునే చక్రాలున్న ఆఫీసు కుర్చీని తోసుకుంటూ వచ్చింది. దాన్ని ఎంత ఎత్తుకు లేపినా జుర్రక్క కూర్చుంటే బల్ల ఆమె గడ్డం దగ్గరకే వచ్చింది. చెంచాకు మాత్రం అందింది. మొదటి కప్పు సర్రుమంది.

"మాడింది," అంది జుర్రక్క. "ఊఁ, జరుపు."

కోడలు తోసింది. పదో కప్పు దగ్గర జుర్రక్క కాలితో కాలిని రాసుకుని చెప్పులు రెండూ కిందికి జారవిడిచింది.